ఎక్స్‌రేకు దొరకని భుజం దెబ్బ

బస్తా ఎత్తబోయి, తాటిచెట్టు మీది నుంచి జారి భుజానికి దెబ్బ తగిలించుకునే వారు పల్లెల్లో ఎందరో. ఎక్స్‌రేలో ఎముక విరగలేదనగానే తైలం మర్దనతో సరిపెట్టుకుంటారు.

ఎముక విరిగిందా, కీలు జారిందా అన్నది ఎక్స్‌రే చెబుతుంది. అయితే చేతిని పైకెత్తే కండరాలను ఎముకకు పట్టి ఉంచే స్నాయువులు అందులో కనబడవు. అవి తెగితే అల్ట్రాసౌండ్, ఎం.ఆర్‌.ఐ. పరీక్షల్లో తెలుస్తుంది. గుండెకు పేస్‌మేకర్ అమర్చుకున్న వారు ఎం.ఆర్‌.ఐ.కి ముందే ఆ సంగతి చెప్పాలి.

పూర్తిగా తెగిన స్నాయువును నెలల తరబడి వదిలేస్తే వెనక్కి లాక్కుపోవచ్చు. కండరం కూడా చిక్కిపోతుంది. ఆపైన కుట్టడం కష్టం.

కీలు జారిందని ఊళ్లో ఎవరిచేతా చెయ్యి లాగించుకోరాదు. ఎముక కూడా విరిగి ఉంటే ముప్పు పెరుగుతుంది. ఎక్స్‌రే బాగున్నా చెయ్యి పైకి లేవకపోతే ఎముకల డాక్టరుకు మళ్లీ చూపించుకోవాలి.