అమ్మ మళ్లీ ఆడాలంటే ఇంట్లో ఏం మారాలి?



స్పోర్ట్స్ డే దగ్గరపడగానే తల్లుల పోటీలకు పేర్లు ఇవ్వమని డైరీలో రాసి పంపుతాం. చాలామంది అమ్మల నుంచి వచ్చే జవాబు ఒకటే: “చదువుకునే రోజుల్లో బాగా ఆడేదాన్నండీ, ఇప్పుడెక్కడ?” కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, టెన్నికాయిట్ ఆడి సర్టిఫికెట్లు తెచ్చుకున్నవాళ్లు మీలో ఎందరో ఉన్నారు. ఆ సర్టిఫికెట్లు ఇప్పుడు బీరువాలో ఉన్నాయి. పిల్లలు పుట్టాక ఆట ముగిసిపోతుందని ఎవరూ రూలు పెట్టలేదు. అయినా చాలా ఇళ్లలో అదే జరుగుతోంది. అలా ఎందుకు జరుగుతుంది, తిరిగి ఆడిన మన తెలుగు క్రీడాకారిణులకు అది ఎలా కుదిరింది, ఇంట్లో మనం ఏం చేయవచ్చు అన్నది ఈ నెల చూద్దాం.

హంపి చెప్పిన అసలు కారణం

కోనేరు హంపి గుడివాడ అమ్మాయి. 2002లో పదిహేనేళ్ల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. పెళ్లయ్యాక 2016లో చదరంగానికి విరామం ఇచ్చారు. 2017లో పాప పుట్టింది. 2018లో జార్జియాలోని బతూమిలో జరిగిన చెస్ ఒలింపియాడ్‌తో మళ్లీ బోర్డు ముందు కూర్చున్నారు. ఆ మరుసటి ఏడాది డిసెంబరులో మాస్కోలో టై బ్రేక్‌లో చైనా క్రీడాకారిణి లే టింగ్జియేను ఓడించి మహిళల ప్రపంచ రాపిడ్ చాంపియన్ అయ్యారు. అప్పటికి పాపకు రెండేళ్లు.

2024 డిసెంబరులో న్యూయార్క్‌లో అదే టైటిల్‌ను రెండోసారి గెలిచారు. తొలి రౌండ్లో ఓడిపోయి కూడా 11 రౌండ్లలో 8.5 పాయింట్లు సాధించారు. అప్పుడు ఆమె వయసు 37. ఆ గెలుపు తర్వాత ఆమె ఓపెనింగ్‌ల గురించి కన్నా ముందు ఇంటి గురించి చెప్పారు. భర్త, అమ్మానాన్నల సహకారం ఉందని, తాను ప్రయాణాల్లో ఉన్నప్పుడు కూతుర్ని తన తల్లిదండ్రులే చూసుకుంటారని అన్నారు. చిన్నప్పుడు ఆమెకు ఆట నేర్పిన తండ్రి అశోక్, ఇప్పుడు మనవరాలిని కూడా చూసుకుంటున్నారన్న మాట.

అంటే ప్రతిభ, పట్టుదల ఉంటే చాలదు. ప్రాక్టీసు చేసే గంటల్లో, పోటీకి వెళ్లిన రోజుల్లో బిడ్డను ఎవరు చూస్తారన్నది ముందే తేలి ఉండాలి.

ఆట ఆగినప్పుడు ర్యాంకు ఏమవుతుంది?

ఇది ఆటను బట్టి మారుతుంది. చదరంగంలో ఆడని కాలానికి రేటింగ్ తగ్గదు. కొంతకాలం ఆడకపోతే జాబితాలో ‘ఇన్‌యాక్టివ్’ అని చూపిస్తారు, అంతే. తిరిగి వచ్చినప్పుడు పాత రేటింగ్‌తోనే మొదలుపెట్టవచ్చు.

టెన్నిస్ అలా కాదు. అందులో గత 52 వారాల ఫలితాలే ర్యాంకు. ఏడాది ఆడకపోతే ర్యాంకు మాయమవుతుంది. అందుకే మహిళల టెన్నిస్ సంఘం డబ్ల్యూటీఏ తల్లులైన క్రీడాకారిణులకు ‘స్పెషల్ ర్యాంకింగ్’ ఇస్తోంది. బిడ్డ పుట్టిన నాటి నుంచి మూడేళ్లలోపు పాత ర్యాంకుతో 12 టోర్నీల్లో ప్రవేశం పొందవచ్చు. 2025లో ఆ సంఘం క్రీడాకారిణులకు జీతంతో కూడిన ప్రసూతి సెలవు కోసం నిధి కూడా మొదలుపెట్టింది.

హైదరాబాద్‌లో పెరిగిన సానియా మీర్జాకు 2018 అక్టోబరులో బాబు పుట్టాడు. ప్రసవం తర్వాత 26 కిలోలు తగ్గి, 2020 జనవరిలో హోబర్ట్ టోర్నీతో తిరిగి వచ్చారు. నదియా కిచెనోక్‌తో కలిసి డబుల్స్ టైటిల్ గెలిచారు. 2021లో ఇంగ్లండ్ వెళ్లాల్సి వచ్చినప్పుడు, రెండేళ్ల బాబుకు వీసా ఇప్పించమని క్రీడా మంత్రిత్వ శాఖను ఆశ్రయించాల్సి వచ్చింది. 2023 జనవరిలో తన చివరి గ్రాండ్‌స్లామ్ అయిన ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో రోహన్ బోపన్నతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ ఫైనల్ ఆడుతుంటే, నాలుగేళ్ల కొడుకు గ్యాలరీలో కూర్చుని చూశాడు.

ప్రపంచ స్థాయిలో కూడా ఈ మార్పులు నిన్న మొన్నటివే. టోక్యో ఒలింపిక్స్‌కు పాలు తాగే పిల్లల్ని తీసుకురావడానికి మొదట ఒప్పుకోలేదు. క్రీడాకారిణులు గట్టిగా అడిగాక 2021 జూన్ చివరలో అనుమతించారు. 2024 పారిస్ ఒలింపిక్స్ నాటికి క్రీడాగ్రామంలోనే పిల్లల కోసం నర్సరీ ఏర్పాటైంది.

ప్రతి పునరాగమనమూ పతకంతో ముగియదు

శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరులో సిడ్నీలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే. 2001లో బాబు పుట్టాడు. 2002 కామన్వెల్త్ క్రీడలతో తిరిగి రావాలనుకున్నారు. తండ్రి మరణంతో అది కుదరలేదు. 2004లో ఏథెన్స్ ఒలింపిక్స్‌కు వెళ్లినా పోటీ పూర్తి చేయలేకపోయారు. ఆ తర్వాత ఆటకు వీడ్కోలు చెప్పారు.

దీన్ని ఓటమి కథగా చూడనక్కర్లేదు. తల్లి అయిన మూడేళ్లకు ఒలింపిక్ వేదిక దాకా తిరిగి వెళ్లడం చిన్న విషయం కాదు. “అమ్మ తలుచుకుంటే ఏదైనా సాధిస్తుంది” అని మనం తేలిగ్గా అనేస్తాం. ఆ మాట ఒక్కోసారి అమ్మ మీద ఇంకో బరువు పెడుతుంది. ఫలితం రాకపోయినా ఆడే హక్కు ఆమెకు ఉంది.

శరీరానికి ఎంత సమయం కావాలి?

గర్భంతో ఉన్నప్పుడు హార్మోన్ల ప్రభావంతో కీళ్లను పట్టి ఉంచే బంధనాలు వదులవుతాయి. పొత్తికడుపు కండరాలు సాగుతాయి. గర్భసంచిని, మూత్రాశయాన్ని కింద నుంచి మోసే కటి కండరాలు బలహీనపడతాయి. ఇవన్నీ ఒక్క నెలలో సర్దుకోవు. అందుకని ఒక వరుస పాటించాలి:

• డాక్టర్ సరే అన్నాక మొదట నడక, కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామం. సిజేరియన్ అయితే కుట్లు మానే వరకు బరువులు ఎత్తకూడదు.
• పరుగు, దూకుడు ఉన్న ఆటలు ప్రసవమైన మూడు నెలల లోపు వద్దని ఫిజియోథెరపిస్టులు చెబుతారు. కొందరికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది.
• గెంతినప్పుడు మూత్రం జారడం, పొత్తికడుపు కింద బరువుగా అనిపించడం, ఆగిన రక్తస్రావం మళ్లీ కనిపించడం వంటివి ఉంటే వెంటనే ఆపి డాక్టర్‌కు చూపించాలి. “పిల్లలు పుట్టాక ఇది మామూలే” అని సిగ్గుతో దాచుకోవద్దు. మూత్రం జారడం చాలామందికి సరైన వ్యాయామంతో తగ్గుతుంది.
• ఓ మోస్తరు వ్యాయామం వల్ల తల్లిపాలు తగ్గవు, పాడవవు. పాలిచ్చాక మైదానానికి వెళితే అమ్మకు సౌకర్యంగా ఉంటుంది.

పోటీల సంగతి పక్కన పెట్టినా, ప్రసవం తర్వాత కోలుకున్న తల్లులు వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవడం వంటి వ్యాయామం చేయాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అంటే వారంలో ఐదు రోజులు, రోజుకు అరగంట.

పథ్యం గురించి ఒక మాట. బాలింతకు నీళ్లు తక్కువ ఇవ్వాలని, ఆకుకూరలు పెట్టకూడదని ఇంకా కొన్ని ఇళ్లలో అంటుంటారు. పెద్దల ప్రేమను కాదనలేం. కానీ పాలిచ్చే తల్లికి నీళ్లు ఎక్కువే కావాలి. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. రక్తం తక్కువగా ఉన్న మనిషి మైదానంలో నాలుగు అడుగులు పరుగెత్తినా ఆయాసపడుతుంది. వ్యాయామం మొదలుపెట్టే ముందు ఒకసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి.

ఆ గంట ఎవరు ఇస్తారు?

మన సూళ్లూరుపేటలో ఉదయం ఎలా ఉంటుందో మీకు తెలుసు. షార్ బస్సు, శ్రీసిటీ షిఫ్టు, చెన్నై రైలు, ఆపైన స్కూల్ వ్యాన్. ఆ లోపు టిఫిన్, లంచ్ బాక్సులు, పిల్లల జడలు. పులికాట్ వైపు నుంచి వచ్చే ఉక్కపోతకు ఎండెక్కాక బయట ఆడలేం. కాబట్టి అమ్మకు ఆడుకునే గంట తెల్లవారుజామునే దొరకాలి. సరిగ్గా అదే గంటలో ఇంటి పని మొత్తం ఉంటుంది.

అందువల్ల “నువ్వు వెళ్లు, నేనేం వద్దన్నానా?” అంటే సరిపోదు. నాన్నలు ఈ నెల ఇలా ప్రయత్నించి చూడండి. వారంలో మూడు రోజులు ఎంచుకోండి. ఆ మూడు రోజులు ఉదయం ఐదున్నర నుంచి ఆరున్నర వరకు పిల్లల్ని లేపడం, పాలు కాచడం, బాక్సులు సర్దడం మీ పని. క్యాలెండర్ మీద గుర్తు పెట్టండి. షిఫ్టు మారితే ఆ గంటను సాయంత్రానికి మార్చండి కానీ రద్దు చేయకండి. అమ్మమ్మ, నానమ్మ ఇంట్లో ఉంటే ముందుగా అడిగి ఒప్పించండి. తిరిగి వచ్చేసరికి గిన్నెలు అలాగే ఎదురుచూస్తుంటే, రెండో వారానికి అమ్మే మానేస్తుంది.

ఒంటరిగా పిల్లల్ని పెంచుతున్న అమ్మలు పక్కింటి వాళ్లతో వంతులు వేసుకోవచ్చు. ఒక రోజు ఇద్దరి పిల్లలూ మీ దగ్గర, మరుసటి రోజు వాళ్ల దగ్గర.

మీ అమ్మాయి చూస్తోంది

ఏడెనిమిది తరగతులకు వచ్చేసరికి ఆటల పీరియడ్‌లో గట్టున కూర్చునే ఆడపిల్లల్ని మా పీఈటీలు చూస్తూనే ఉంటారు. చదువు ఒత్తిడి, నెలసరి ఇబ్బంది, ఎండకు నల్లబడతామన్న భయం వంటి కారణాలు చెబుతారు. ఇంట్లో ఆడే పెద్ద ఆడమనిషిని ఎప్పుడూ చూడకపోవడం కూడా ఒక కారణమే. అబ్బాయికి నాన్న క్రికెట్ ఆడుతూ కనిపిస్తాడు. అమ్మాయికి అమ్మ ఆడుతూ కనిపించాలి కదా.

ఈసారి స్పోర్ట్స్ డే పేర్ల కాగితం డైరీలో వచ్చినప్పుడు ఒకప్పుడు మీరు ఆడిన ఆట పేరు దాని మీద రాసి పంపండి. తగినంత మంది ఉంటే మ్యూజికల్ చైర్స్‌తో పాటు తల్లులకు త్రోబాల్, టెన్నికాయిట్ పోటీలు పెట్టమని పీఈటీలను మేమే అడుగుతాం. ఆ కాగితం మీద నాన్నలు కూడా ఒక సంతకం చేయండి: ప్రాక్టీసు రోజుల్లో పిల్లల బాధ్యత నాది అని.