దూరపు పరుగులో అర్హత – గాలిలోని తేమ

2019 సెప్టెంబరు 27వ తేదీ అర్ధరాత్రి కావస్తుండగా, ఖతార్ రాజధాని దోహాలోని కార్నిష్ తీరమార్గంలో ప్రపంచ అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్ మహిళల మారథాన్ ఆరంభమైంది. పగటి ఎండను తప్పించడానికే నిర్వాహకులు ఆ వేళను ఎంచుకున్నారు. అయినను ఉష్ణోగ్రత 32 డిగ్రీలు దాటియే ఉన్నది. సాపేక్ష ఆర్ద్రత 73 శాతం. బయలుదేరిన 68 మందిలో గమ్యం చేరినవారు 40 మంది మాత్రమే. విజేత అయిన కెన్యా దేశస్థురాలు రూత్ చెప్‌న్‌గెటిచ్‌కు పట్టిన కాలం 2 గంటల 32 నిమిషాల 43 సెకన్లు.

ఆ పోటీ ప్రవేశానికి విధించిన అర్హతా కాలం 2 గంటల 37 నిమిషాలు. దోహాలో ఆ కాలంలోపు పరుగు ముగించినవారు ఐదుగురే! ద్వారం వద్ద అడిగిన వేగాన్ని లోపల ప్రపంచపు మేటి పరుగుకత్తెలే చూపలేకపోయారు. లోపం వారిది కాదు, కొలతది.

కారణం భౌతికశాస్త్రం చెబుతుంది. 55 కిలోల బరువుగల వ్యక్తి గంటకు 16 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తితే గంటలో సుమారు 850 కిలోకేలరీల శక్తి వ్యయమవుతుంది. అందులో నాలుగింట మూడు వంతులకు పైగా వేడిగానే మారుతుంది. ఆ వేడిని వెలికి పంపే ప్రధాన సాధనం చెమట. ఒక లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీలు శరీరాన్ని వీడిపోతాయి. అయితే ఆవిరి కావాలి. నేలపై కారిపోయిన చెమట వలన ప్రయోజనం లేదు. 35 డిగ్రీల వద్ద తడిచర్మంపై నీటియావిరి పీడనం 42 మిల్లీమీటర్ల పాదరసం. ఆ రాత్రి దోహా గాలిలో అది 27 దాకా ఉన్నది. ఆవిరిని ముందుకు తోసే తేడా కేవలం 15. పది డిగ్రీల చలిలో, 50 శాతం ఆర్ద్రతలో, చర్మపు వేడిమి అంతే అనుకుంటే, ఆ తేడా 37. దోహా వాసులు వేసవి రాత్రులలో అనుభవించే ఉక్కకు అర్థం ఇదే.

అదే నగరంలో, అదే వారంలో, మరొక దృశ్యం. ఖలీఫా స్టేడియంలో చల్లబరచిన గాలి నడుమ 3000 మీటర్ల స్టీపుల్‌ఛేజ్ జరిగింది. తుది పోటీకి అర్హత ప్రతి హీటులో మొదటి ముగ్గురికి, మిగిలినవారిలో అతివేగంగా ముగించిన ఆరుగురికి. మహారాష్ట్రకు చెందిన అవినాశ్ సాబ్లేను హీటులో ఇతరులు అడ్డగించగా ఆ స్థానం తప్పింది. భారత సమాఖ్య అప్పీలుపై న్యాయనిర్ణేతలు ఆయనను తుది పోటీలో చేర్చారు. అక్కడ 8 నిమిషాల 21.37 సెకన్లలో ముగించి జాతీయ రికార్డు నెలకొల్పడమే గాక, 8 నిమిషాల 22 సెకన్ల టోక్యో ఒలింపిక్ అర్హతనూ సాధించారు. పైకప్పు క్రింద గాలిని యంత్రాలు చల్లబరిచాయి. తీరమార్గానికి ఆ భాగ్యం లేదు.

ఇక కళాశాల పోటీల సంగతి. అమెరికాలో ఎన్‌సీఏఏ తొలి శ్రేణి ట్రాక్ పోటీలలో తూర్పు, పడమర ప్రాంతాల నుండి ఒక్కొక్క అంశానికి 48 మంది చొప్పున ఆ ఏటి ఉత్తమ కాలాల పట్టికనుబట్టి ఎంపికవుతారు. ప్రాంతీయ పోటీలో మాత్రం గెలుపునకు ప్రధాన కొలమానం స్థానం. 12 మంది చొప్పున తుది పోటీకి వెళతారు. మొదటి మెట్టు గడియారానిది కనుకనే విద్యార్థులు చల్లని సాయంవేళ జరిగే పరుగులను వెదకుకొంటూ కాలిఫోర్నియాకు ప్రయాణమవుతారు. ప్రయాణవ్యయం భరించలేని కళాశాల విద్యార్థి ఉక్కలో పరుగెత్తి పట్టికలో వెనుకబడతాడు. రెండవ మెట్టులో అందరికీ వేడి ఒకటే. ఈ పద్ధతియే న్యాయమైనదనిపిస్తుంది.

విచిత్రమేమంటే సముద్రమట్టానికి బాగా ఎత్తయిన చోట సాధించిన కాలాలను సవరించడానికి అదే సంస్థకు పట్టికలున్నాయి. స్వల్పదూరపు పరుగులలో సెకనుకు 2 మీటర్లు మించిన అనుకూల పవనం ఉంటే రికార్డును అంగీకరించరు. వేడికి, తేమకు అట్టి సవరణ లేదు. మైదానపు ఎత్తు స్థిరం, తేమ గంటగంటకూ మారుతుంది, ఒక్కొక్క దేహం ఒక్కొక్క రీతిగా తట్టుకుంటుంది అనేది నిజమే. కాని ప్రతి పోటీ వద్ద ఉష్ణోగ్రతను, ఆర్ద్రతను కొలిచి ఫలితం ప్రక్కన వ్రాయడానికి ఈ కష్టాలేవీ అడ్డురావు.

దోహా పోటీలు ముగిసిన కొద్దిరోజులకే, 2019 అక్టోబరులో, అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం టోక్యో మారథాన్‌ను ఉత్తరాన ఉన్న సప్పోరోకు తరలించింది. 2021 ఆగస్టులో అక్కడ కూడ వేడిమికి జంకి మహిళల పరుగును ఒక గంట ముందుకు జరిపి, ఉదయం 6 గంటలకే ఆరంభించారు.