పెద్ద చీమ, చిన్న ఏనుగు

ఇంగ్లీషు గ్రామరులో ‘డిగ్రీస్ ఆఫ్ కంపారిజన్’ పాఠం రాగానే మనలో చాలామంది చేసే పని ఒక్కటే. టాల్–టాలర్–టాలెస్ట్, గుడ్–బెటర్–బెస్ట్ అంటూ ఎక్కాల్లాగా వల్లె వేస్తాం. మార్కులూ వస్తాయి. కాని ఈ మూడు మాటల్లో దేన్ని ఎంతవరకు నమ్మవచ్చో ఎప్పుడైనా ఆలోచించారా?

ముందుగా ఒక చిన్న ప్రయోగం. మూడు గిన్నెలు తీసుకోండి. ఒకదానిలో చేయి కాలనంత వేడినీళ్లు, మరొకదానిలో కుండలోని చన్నీళ్లు, మధ్య గిన్నెలో రెండూ కలిపిన నీళ్లు పోయండి. కుడిచేయి వేడినీళ్లలో, ఎడమచేయి చన్నీళ్లలో ఒక నిమిషం ఉంచి, తర్వాత రెండు చేతులనూ ఒకేసారి మధ్య గిన్నెలో పెట్టండి. కుడిచేతికి ఆ నీళ్లు చల్లగా ఉంటాయి, ఎడమచేతికి వెచ్చగా ఉంటాయి. నీళ్లు మాత్రం అవే! ఇంగ్లండుకు చెందిన తత్త్వవేత్త జాన్ లాక్ 17వ శతాబ్దం చివరలోనే తన గ్రంథంలో ఈ సంగతిని చర్చించాడు.

హాట్, కోల్డ్, బిగ్, హార్డ్ వంటి మాటలు వస్తువు గుణాన్ని చెబుతాయి గనుక వాటిని విశేషణాలంటాం. ఏ మార్పూ లేకుండా వాడితే అది పాజిటివ్ డిగ్రీ. అన్నిటికంటే సులువైనది కదా అని పుస్తకాల్లో దీన్నే ముందు చెబుతారు. నన్నడిగితే మూడింటిలోకీ చేతికి చిక్కకుండా జారిపోయేది ఇదే. ‘పెద్ద చీమ’ అంటాం, ‘చిన్న ఏనుగు’ అంటాం. ఆ చిన్న ఏనుగు కాలి గోటిమీద పెద్ద చీమలు ఎన్నో నిలబడవచ్చు! పెద్ద చీమ అంటే మామూలు చీమలకంటే పెద్దదని అర్థం. అంటే పాజిటివ్ డిగ్రీలో కూడా పోలిక ఉంది. కాకపోతే పైకి కనబడదు.

కంపారెటివ్ డిగ్రీలో ఆ దాపరికం లేదు. రెండు వస్తువులూ ఎదురుగా ఉంటాయి, ఎవరైనా పరీక్షించి చూసుకోవచ్చు. 1812లో ఫ్రెడరిక్ మోహ్స్ అనే జర్మను శాస్త్రవేత్త ఖనిజాల గట్టిదనాన్ని ఈ ఒక్క ‘హార్డర్’ అనే మాటమీదనే తేల్చాడు. ఆయన పద్ధతి చాలా తేలిక. రెండు ఖనిజాలను తీసుకుని ఒకదానితో మరొకదాన్ని గీకాలి. ఏది గీత పెట్టగలిగితే అదే ఎక్కువ గట్టిది. ఇలా పది ఖనిజాలను వరుసలో నిలబెట్టాడు. 1వ స్థానంలో టాల్కు ఉంది. మన మెత్తటి బలపపు రాయిలో ముఖ్యంగా ఉండేది అదే. 2 జిప్సం. దాన్ని మీ గోటితో గీకవచ్చు. పలుగురాయి 7, కెంపులూ నీలాలూ పుట్టే కురువిందం 9, వజ్రం 10. పలుగురాయి ముక్కతో పాత గాజుముక్కను గీకి చూడండి, గీత పడుతుంది. చేయి తెగకుండా జాగ్రత్త!

ఇక్కడొక చిక్కుంది. 10 అన్నాం గనుక వజ్రం జిప్సంకంటే అయిదు రెట్లు గట్టిదా? కానే కాదు. అవి కొలతలు కావు, పరుగు పందెంలో వచ్చిన ర్యాంకుల వంటివి. వేరే పద్ధతుల్లో కొలిస్తే కురువిందానికి వజ్రం దాదాపు నాలుగు రెట్లు గట్టిదని తేలింది. 9కీ 10కీ మధ్య అంత అగాధం! ‘హార్డర్’ అన్న మాట ఏది ఎక్కువో చెబుతుందిగాని ఎంత ఎక్కువో చెప్పదు. అలాగే ‘టాలర్’ అన్నంతమాత్రాన ‘టాల్’ అయిపోరు. ఇద్దరు పొట్టివాళ్లలోనూ ఒకడు టాలరే.

ఇక రూపాల సంగతి. చిన్న మాటల చివర ‘అర్’, ‘ఎస్ట్’ చేరతాయి. పొడుగు మాటలకు ముందు ‘మోర్’, ‘మోస్ట్’ వస్తాయి. రెండూ కలిపి ‘మోర్ బిగ్గర్’ అంటే తప్పు. మన తెలుగులో విశేషణం మారదు, ‘కంటే’ అన్న మాటే ఆ పని చేసిపెడుతుంది. అయితే ‘ఎస్ట్’ మనకు పరాయిదేమీ కాదు. సంస్కృతం, ఇంగ్లీషు ఒకే పూర్వభాషనుంచి చీలివచ్చిన బంధువులు. సంస్కృతంలో స్వాదు అంటే తీయనిది, స్వాదిష్ఠ అంటే మిక్కిలి తీయనిది. ‘స్వీట్’, ‘స్వీటెస్ట్’ వాటికి చుట్టాలు! వాతావరణ వార్తల్లో వినే గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతల్లోని ‘ఇష్ఠ’ కూడా ఇదే.

సూపర్లేటివ్ వాడేటప్పుడు మాత్రం దేనిలో, ఎక్కడినుంచి కొలిచి అని అడగాలి. సముద్రమట్టంనుంచి కొలిస్తే 8,848.86 మీటర్లతో ఎవరెస్టు ‘హైయెస్ట్’. ఇది 2020లో ప్రకటించిన కొలత. హవాయిలోని మౌనా కియా సముద్రమట్టానికి 4,207 మీటర్ల ఎత్తే. కాని సముద్రగర్భంలోని దాని పాదంనుంచి కొలిస్తే 10,000 మీటర్లు దాటుతుంది. అందుకని ‘టాలెస్ట్’ పేరు దానికిస్తారు. భూమి నడుము దగ్గర కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది గదా! కాబట్టి భూకేంద్రంనుంచి కొలిస్తే భూమధ్యరేఖకు దగ్గరలో, ఈక్వడార్‌లో ఉన్న చింబొరాజో శిఖరమే అన్నిటికంటే దూరం. దాని ఎత్తు 6,263 మీటర్లే!

గ్రామరు పుస్తకాల్లో ‘ఐరన్ ఈజ్ ద మోస్ట్ యూజ్‌ఫుల్ మెటల్’ అనే వాక్యం తరచు కనిపిస్తుంది. దాన్ని టాలర్, టాలెస్ట్‌లాగే మూడు డిగ్రీల్లోకీ మార్చి రాయండి. ఆ తర్వాత, మోటార్లకు తీగ చుట్టే మెకానిక్కును ఆ వాక్యం గురించి అడిగి చూడండి. అతను ఇనుము పేరు చెబుతాడా, రాగి పేరు చెబుతాడా?