అడిగే తీరులోనే ఉంది కిటుకు!

"అడగందే అమ్మయినా పెట్టదు" అంటారు పెద్దలు. అడగడం సరే... ఎలా అడగాలి? ఆ సంగతి నాకు మా వంటిల్లు నేర్పింది.

మదీనాగూడలోని మా ఫ్లాట్‌లో వంటింటికి కొత్త అల్మారాలు చేయిద్దామనుకున్నాం. కార్పెంటర్ వచ్చి, "ఏమేం కావాలమ్మా?" అన్నాడు. గబగబా నాలుగు చెప్పాను. చెప్పినవన్నీ చేసిచ్చాడు. తీరా చూస్తే మిక్సీ దగ్గర ప్లగ్గు లేదు. బియ్యం డబ్బాకి చోటు లేదు. పప్పుల డబ్బాల కోసం మా అత్తగారు స్టూలెక్కి పడబోయారు! "మీకందదని ముందే చెప్పొచ్చుగా అత్తయ్యా" అంటే, "నన్నెవరడిగారే?" అన్నారావిడ. మళ్లీ ఊడదీయించేసరికి ఖర్చు తడిసి మోపెడైంది.

ఎదురింటి అమ్మాయి హైటెక్ సిటీలో బిజినెస్ ఎనలిస్టు. విని నవ్వింది. "మా ఆఫీసులోనూ ఇదే తంటా ఆంటీ! కంప్యూటర్ ప్రోగ్రాం వాడేవాళ్లకి ఏం కావాలో ముందే రాబట్టి, రాసేవాళ్లకి చెప్పడమే నా పని. అది తేలకుండా ఎన్ని రోజులు, ఎంతమంది, ఎంత ఖర్చు అని ప్లాను వేస్తే మధ్యలో అంతా తిరగరాయాల్సిందే" అంది.

ఈ వృత్తికో అంతర్జాతీయ సంస్థ కూడా ఉంది. 2003లో కెనడాలోని టొరంటోలో మొదలైంది. పేరు ఐఐబీఏ. 2015లో అది తెచ్చిన మార్గదర్శక గ్రంథం ప్రకారం, అవసరాలు రాబట్టే దారులు మూడు. మనుషులతో మాట్లాడడం, కాగితాలు వెతకడం, చేసి చూడడం.

ఎవరిని ఎలా అడగాలి?

* విడిగా మాట్లాడడం: నలుగురిలో నోరు విప్పనివారికి ఇదే మేలు. అత్తగారి ముందు కోడలు, ఆఫీసరు ముందు గుమాస్తా అసలు మాట చెప్పరు కదా!
* అందరినీ కూర్చోబెట్టడం: తలోమాట అంటున్నప్పుడు ఒక నిర్ణయానికి రావాలంటే ఇది మంచిది. అయితే పెద్ద గొంతుదే పైచేయి కాకుండా చూసుకోవాలి.
* ప్రశ్నల పత్రం: వందలమందిని అడగాలంటే తేలిక. కానీ మనకు తట్టని ప్రశ్నకు జవాబు రాదు.
* పక్కనుండి గమనించడం: రోజూ చేసే పని చెప్పమంటే సగం మరిచిపోతాం. పోపు వేస్తూ ఎన్నిసార్లు వెనక్కి తిరుగుతామో మనకే తెలీదు.
* పాత కాగితాలు: పచారీ చీటీలు చూస్తే నెలకెన్ని కిలోల బియ్యమో తెలుస్తుంది. మనం చెప్పే అంచనా కన్నా చీటీ నిజం.
* నమూనా: కళ్లకు కనిపిస్తే తప్ప "ఇది కాదు, అది" అనలేం.

మన నగరంలోనే చూడండి. ఒకప్పుడు కరెంటు బిల్లుకో క్యూ, నీళ్ల బిల్లుకో క్యూ, ఇంటి పన్నుకో క్యూ. 1999లో జంటనగరాల్లో 'ట్విన్స్' పేరుతో ముందు చిన్నగా చేసి చూశారు. 2001లో ఈ-సేవ కేంద్రాలు వచ్చాయి. అన్ని బిల్లులూ ఒక్కచోటే! ఏ ఆఫీసును అడిగినా తన బిల్లు సంగతే చెబుతుంది. మూడుచోట్లా తిరిగే ఇల్లాలి కష్టం ఆమెతోపాటు క్యూలో నిలబడితేనే తెలుస్తుంది.

"ఏ ఒక్క పద్ధతినీ నమ్ముకోవద్దు ఆంటీ. కనీసం రెండు కలపాలి. ఆ అడగడానికి పట్టే రోజులు కూడా ప్లానులో వేసుకోవాలి" అందా అమ్మాయి.

ఈసారి కార్పెంటర్‌ని పొద్దున్నే పిలిచాను. వంటయ్యేదాకా గుమ్మం దగ్గర కూర్చుని చూశాడు. గోడమీద సుద్దముక్కతో అల్మారా గీశాడు. అత్తగారు చెయ్యి చాచి, "ఇంకో జానెడు కిందకి నాయనా" అన్నారు. సుద్దగీత చెరపడానికి తడిగుడ్డ చాలు. చెక్క ఊడదీయాలంటే డబ్బు కావాలి!

ఇల్లు బాగు చేయించినా, పెళ్లిపనులు మొదలుపెట్టినా ముందుగా ఒక్క ప్రశ్న వేసుకోండి... ఇంట్లో ఇంకా ఎవరిని అడగలేదు?