పశువుల కొట్టములో వేసవి వేడి: అది వచ్చు దారులు, ఆపు ఉపాయములు

పాడి పశువునకు ఏ మేత వేయవలెనో, ఎన్నిసార్లు నీరు పెట్టవలెనో మన రైతులకు వేరుగ చెప్పనక్కరలేదు. కాని ఆ పశువు తలపైనున్న కప్పును గురించి యోచించువారు తక్కువ. వేసవిలో పాలు తగ్గుటకు, గేదెలు సరిగా ఎదకు రాకపోవుటకు, ఒక్కొక్కప్పుడు పశువు చేతికి దక్కకపోవుటకు కూడ ఆ కప్పు నుండి దిగు వేడి ఒక కారణము. 2015వ సంవత్సరము మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో రెండు వేల మందికి పైగా ప్రజలు మరణించిరి. మనిషి లేచి నీడకు పోగలడు. గుంజకు కట్టిన పశువు పోలేదు. మీరు కట్టిన చోటనే అది వేడినంతయు భరించవలెను.

ఒకప్పుడు మన పల్లెలలో పశువుల పాకలకు తాటాకో, రెల్లుగడ్డియో కప్పెడివారు. నేడు చాల చోట్ల ఇనుప రేకులు, సిమెంటు రేకులు వచ్చినవి. ఇందులో రైతు తప్పు లేదు. తాటాకును కొన్ని ఏండ్లకొకసారి మార్చవలెను. కప్పు పనివారు దొరకుట కష్టము. నిప్పు భయము సరేసరి. అయితే రేకు వేసినవారు చేయవలసిన పని మరికొంత మిగిలియున్నది. అది తెలియవలెనన్న వేడి ఏ దారిన వచ్చునో ముందు తెలిసికొనవలెను.

వేడికి మూడు దారులు

మొదటిది వహనము. ఇనుప అట్లకాడ ఒక కొన పెనముపైనున్న, కొంతసేపటికి రెండవ కొన చేతిని చురుక్కుమనిపించును. కఱ్ఱ పిడి యున్నచో ఆ బాధ లేదు. ఇనుము గడ్డికంటె సుమారు వెయ్యి రెట్లు ఎక్కువగా వేడిని సాగనిచ్చును. ఇటుక కూడ గడ్డికంటె పది రెట్లకు పైగా సాగనిచ్చును. గడ్డి కప్పు చల్లగా నుండుటకు ముఖ్య కారణము పోచల నడుమ కదలక నిలిచిన గాలియే.

రెండవది సంవహనము. వేడెక్కిన గాలి తేలికయై పైకి పోవును. ఆ చోటికి చల్లని గాలి వచ్చును. పొయ్యిమీది పొగ పైకి లేచుట ఇందువలననే. కొట్టములో పైకి పోయిన వేడిగాలికి బయటకు దారి లేనిచో అది కప్పు క్రిందనే పోగుపడి పశువు వీపువరకు దిగును.

మూడవది వికిరణము. దీనికి గాలితో గాని, తాకుడుతో గాని పని లేదు. సూర్యుని వేడి మనకు చేరునది ఈ దారిననే. మీరే పరీక్షించి చూడుడు. మధ్యాహ్నము రెండు గంటలకు రేకుల క్రింద నిలిచి, నెత్తికి పైన ఒక చాట పట్టుకొనుడు. తలపై మంట వెంటనే తగ్గును. చుట్టునున్న గాలి మారలేదు. కాలిన రేకు పైనుండి చిమ్ముచున్న వేడిని చాట అడ్డగించినది. రేకుల కొట్టములో పశువును ఎక్కువగా బాధించునది ఈ దారియే.

మే నెలలో మధ్యాహ్నపు సూర్యుడు ఇంచుమించు మన నడినెత్తిపై నుండును. అప్పుడు ఒక చదరపు మీటరు కప్పుపై పడు ఎండ సుమారు 1,000 వాట్లు, అనగా పనిచేయుచున్న ఒక ఇస్త్రీపెట్టెకు సమానము. పది మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు గల కొట్టముపై అరువది ఇస్త్రీపెట్టెలు పెట్టినట్లే. కనుక గోడలకంటె ముందు కప్పు సంగతి చూడవలెను.

పశువు శరీరములో జరుగునది

పశువు శరీరపు వేడి సుమారు 38.5 డిగ్రీల సెల్సియసు. గాలి అంతకంటె చల్లగా నున్నంతవరకు ఒంటి వేడి గాలిలోనికి పోవును. గాలి 42, 43 డిగ్రీలకు చేరినపుడు ఈ ప్రవాహము తిరుగబడి, బయటి వేడియే ఒంటిలోనికి వచ్చును. అప్పుడు చెమట ఆరుట, ఒగర్చుట తప్ప పశువునకు వేరు దారి లేదు. గేదెకు చెమట గ్రంథులు ఆవుకంటె చాల తక్కువ; నల్లని చర్మము ఎండను ఎక్కువగా పీల్చును. ఇదిగాక కడుపులో మేత పులియునపుడు కూడ వేడి పుట్టును. అందుకే పశువు మేత తగ్గించుకొనును. మేతతోపాటు పాలును తగ్గును.

మీరు చేయవలసినవి

1. కప్పుపై తెలుపు వేయుడు. నల్లబడిన రేకు ఎండలో అధిక భాగమును పీల్చుకొనును. తెల్లని పూత అధిక భాగమును త్రిప్పి పంపును. సిమెంటు రేకులకు, స్లాబులకు సున్నము చాలును; ఇనుప రేకులకు తెల్ల రంగు నిలుచును. వానకు సున్నము కారిపోవును గనుక ఏటేట వేసవికి ముందే వేయవలెను. తెలంగాణ ప్రభుత్వము 2023లో ప్రకటించిన చల్లని పైకప్పుల విధానమునకు మూలము ఈ సూత్రమే.

2. రేకు క్రింద రెండవ కప్పు వేయుడు. రేకునకు ఒక అడుగు దిగువగా వెదురు తడికెలో, తాటాకు చాపలో కట్టిన, పరీక్షలో చాట చేసిన పనినే అవి చేయును. రెంటి నడుమ గాలి ఆడునట్లు రెండు కొనలు తెరచి యుంచవలెను.

3. వేడిగాలికి దారి ఇండు. రెండు వాలులు కలియు కొప్పువద్ద వాన జల్లు పడకుండ పై మూత పెట్టి సందు విడువవలెను. క్రింద ప్రక్కగోడలు మూడు, నాలుగు అడుగులకు మించకున్న మంచిది. క్రొత్తగా కట్టువారు చూరు ఎత్తుగా నుంచి, కొట్టము పొడవును తూర్పు పడమరలుగా పెట్టవలెను. అప్పుడు ఉదయపు, సాయంకాలపు ఎండ పొట్టి ప్రక్కలనే తాకును.

4. నీటిని తెలిసి వాడుడు. ఒక లీటరు నీరు ఆవిరియగుటకు సుమారు 580 కిలోకేలరీల వేడిని లాగుకొనును. అదే నీటిని గడ్డకట్టు స్థితినుండి మరుగువరకు కాచుటకు కావలసిన వేడికి ఇది అయిదు రెట్లకు పైమాట. రాయలసీమ, తెలంగాణములోని పొడి గాలిలో తడిపిన గోనె పట్టాలు చక్కగా పనిచేయును. కోస్తాలో గాలి తేమగా నుండును గనుక పట్టాలతో కొట్టమును మూసిన ఉక్క పెరిగి కీడు జరుగును. అక్కడ పశువు ఒంటినే బాగుగ తడిపి, గాలి తగులనిండు; వీలున్న పంకా పెట్టుడు. చెరువులో దింపిన ఇంకను మేలు. నిలిచిన గాలికంటె నీరు సుమారు ఇరువది నాలుగు రెట్లు ఎక్కువగా వేడిని సాగనిచ్చును.

5. రాత్రిని ఉపయోగించుకొనుడు. స్లాబు పగటి వేడిని దాచుకొని రాత్రి విడుచును. చీకటి పడిన పిమ్మట పశువులను ఆరుబయట కట్టిన, వాటి ఒంటి వేడి నిర్మలాకాశములోనికి పోవును. ఎండుమేతను కూడ చల్లని వేళలందే వేయుడు.

జాగ్రత్తలు

సిమెంటు రేకులపై నేరుగా కాలు పెట్టరాదు; అవి పగిలి మనిషి క్రింద పడును. బల్లలు పరచి, వాసముల మీద బరువు పడునట్లు నడువవలెను. ఆస్‌బెస్టాస్ కలిసిన పాత రేకులను కోయుట, గీకుట కూడదు; ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదము. రేకులపై వరిగడ్డి పరచువారు పొయ్యిలు, విద్యుత్తు తీగలు దగ్గర లేకుండ చూచుకొనవలెను. నీటి తొట్టికి, గొట్టములకు నీడ కల్పింపుడు. ఎండలోనున్న గొట్టములో ముందుగా వచ్చు నీరు పశువు ఒంటిని కాల్చగలదు.

పశువు నోరు తెరచి ఒగర్చుచు, చొంగ కార్చుచు, నిలువలేక తూలుచున్నచో అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, తలపై, ఒంటిపై చల్లని నీరు ధారగా పోయుచు 1962 నంబరుకు ఫోను చేయుడు.

పై పనులలో తెలుపు వేయుట, కొప్పు సందు విడుచుట, తడికె కట్టుట అన్నియు వేసవికి ముందు ఒక వారములో ముగియునవే. గ్రామోద్యోగులు మొదట ఒక కొట్టమునకు ఇట్లు చేయించి, ప్రక్కనున్న తెలుపు వేయని కొట్టముతో పోల్చి రైతులకు చూపవలెను. రెండింటి క్రింద మధ్యాహ్నము రెండు గంటలకు నిలిచినవారికి వేరే ఉపన్యాసము అక్కరలేదు.