బడి పట్టికలో మాతృభాష

పటాన్‌చెరు నుండి సంగారెడ్డి వరకు ముంబయి బాట వెంబడి పోవునపుడు కర్మాగారములు వరుసగా కన్పట్టును. వానియందు పని చేయుటకై ఒడిశా, బీహారు, ఉత్తరప్రదేశ్ మున్నగు రాష్ట్రములనుండి వేలాది జనులు వచ్చియున్నారు. 2025 జూన్ 30న పాశమైలారములోని యొక ఔషధ కర్మాగారమున జరిగిన ప్రేలుడునకు బలియైనవారిలో పెక్కుమంది ఇట్టి వలసజనులే. వీరి బిడ్డలకు ఇచ్చటి బడిలో ఏ హక్కు కలదు?

అల్పసంఖ్యాకులనగానే మనకు మతము స్ఫురించును. కాని రాజ్యాంగములోని 30వ అధికరణము మతముతోపాటు భాషను గూడ పేర్కొన్నది. ఈ రెండు విధముల అల్పసంఖ్యాకులును తమ కిష్టమైన విద్యాసంస్థలను స్థాపించి నడుపుకొనవచ్చును. 1956లో చేర్చిన 350-ఎ అధికరణము మరియొక అడుగు ముందుకు వేసినది. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించుటకు ప్రతి రాష్ట్రమును, ప్రతి స్థానిక సంస్థయు యత్నింపవలెనని చెప్పినది.

ఎందరు పిల్లలున్న ఉపాధ్యాయుని నియమింపవలెను? 1949 ఆగస్టులో విద్యామంత్రుల సమావేశము ఒక కొలత నిర్ణయించినది: బడి మొత్తములో 40 మంది, లేదా ఒక తరగతిలో 10 మంది. కొలత సులభమే, లెక్క కుదురుటయే కష్టము. వలసకుటుంబములు ఒక వాడనుండి మరియొక వాడకు మారుచుండును. చేర్పు పత్రమున మాతృభాష వ్రాయబడనిచో నలుబదిమంది యున్నను లెక్కకు రారు.

ఉర్దూ సంగతి చూడుడు. 2017లో తెలంగాణ శాసనసభ దానిని రాష్ట్రమంతటికిని ద్వితీయ అధికార భాషగా ఆమోదించినది. ఉర్దూవారికి సంఖ్య కలదు, తరతరముల నివాసము కలదు, తమకు కావలసినది అడుగగల నోరు కలదు. నిన్న వచ్చిన ఒడియా బాలునికి ఈ మూడును లేవు.

అల్పసంఖ్యాకు లెవరన్నది రాష్ట్రమును బట్టియే నిర్ణయింపవలెనని 2002లో టి.ఎం.ఏ. పాయ్ ఫౌండేషన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కావున పటాన్‌చెరులో అధికసంఖ్యాకుడైన తెలుగువాడు బళ్లారిలోను, హోసూరులోను అల్పసంఖ్యాకుడే. తమిళనాడులో 2006 నాటి చట్టము బడులలో తమిళమును నిర్బంధము చేసినప్పుడు, తమ భాషలో పరీక్ష వ్రాయనిండని అచ్చటి తెలుగువారు అర్థించిరి. అచ్చట మన బిడ్డకు కోరినది ఇచ్చట పరుల బిడ్డకు కాదనుట న్యాయమా?

శ్రోతలారా! మీ వాడలో అట్టి బిడ్డ యున్నచో బడికి తోడ్కొని పోయి చేర్పింపుడు. మాతృభాష గడిలో అతని భాషను వ్రాయింపుడు. నలుబదవ పేరు అతనిదే కావచ్చును.