తాళంచెవి ఎవరి చేతిలో ఉంది?

2016 మే 28. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయం అతిథులతో కిటకిటలాడుతోంది. దేశం నలుమూలల నుంచి మానవీయ, సామాజిక శాస్త్రాల పండితులు ఏటా కలుసుకునే మహాసభలు అక్కడ అప్పుడే మొదలయ్యాయి. సరిగ్గా ఆ సమయంలోనే విశ్వవిద్యాలయం కంప్యూటర్లపై దాడి జరిగింది. వందకు పైగా యంత్రాలు చిక్కుకున్నాయి. ఫైళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, కానీ తెరుచుకోవు. ఈమెయిల్ స్తంభించింది. డబ్బు కడితేనే విడిపిస్తామన్నారు దాడి చేసినవాళ్లు.

విశ్వవిద్యాలయం కట్టింది. 20,000 కెనడా డాలర్లు, బిట్‌కాయిన్ల రూపంలో. జూన్ 7న ఆ సంగతి బయటపెడుతూ, పరిశోధకుల జీవితకాల కృషి చేజారకూడదనే ఈ నిర్ణయం తీసుకున్నామని అప్పటి ఉపాధ్యక్షురాలు లిండా డాల్గెటీ వివరించారు. ఆ స్థానంలో కూర్చున్నవారికి ఆ భయం ఎంత బరువైనదో ఊహించగలం. రెండేళ్ల తర్వాత, 2018 నవంబరులో, అమెరికా న్యాయశాఖ ఇద్దరు ఇరాన్ దేశస్థులపై అభియోగాలు మోపింది. 'శామ్‌శామ్' అనే ర్యాన్సమ్‌వేర్‌తో, అంటే ఫైళ్లను బిగించి డబ్బు అడిగే సాఫ్ట్‌వేర్‌తో, 200కు పైగా సంస్థలను పీడించి దాదాపు 60 లక్షల అమెరికన్ డాలర్లు గుంజారన్నది ఆరోపణ. బాధితుల్లో అట్లాంటా నగరపాలక సంస్థతో పాటు కాల్గరీ విశ్వవిద్యాలయం కూడా ఉంది.

ఆ దుండగులు వాడిన ఆయుధం కొత్తదేమీ కాదు. మన బ్యాంకు లావాదేవీలను కాపాడే ఎన్‌క్రిప్షనే. ఫైల్లోని సమాచారాన్ని గణితంతో కలగాపులగం చేసి, సరైన కీ ఉన్నవారికి తప్ప ఎవరికీ అర్థం కాకుండా చేయడమే దాని పని. ఇద్దరు బెల్జియన్ శాస్త్రవేత్తలు రూపొందించిన పద్ధతిని అమెరికా 2001లో ప్రమాణంగా స్వీకరించింది. ఏఈఎస్ అంటే అదే. దాని 256 బిట్ల రకంలో సాధ్యమయ్యే కీల సంఖ్య రాయాలంటే 78 అంకెలు కావాలి. ఒక్కొక్కటే ప్రయత్నించి తెరవడం జరిగే పని కాదు. కీ దొంగ దగ్గరుంటే మనం బందీలం, మన దగ్గరుంటే దొంగ చేతికి చిక్కేది చెత్తే.

ఆ తాళం అసలు వేయకపోతే ఏమవుతుందో కాల్గరీ ఉన్న అల్బర్టా రాష్ట్రంలోనే, అక్కడికి దాదాపు 300 కిలోమీటర్ల దూరంలోని ఎడ్మంటన్‌లో తేలింది. 2013 సెప్టెంబరులో మెడిసెంటర్స్ క్లినిక్‌ల ఐటీ సలహాదారు ల్యాప్‌టాప్ చోరీ అయింది. అందులో 6,20,000 మంది రోగుల పేర్లు, పుట్టిన తేదీలు, హెల్త్ కార్డు నంబర్లు, రోగనిర్ధారణ కోడ్‌లు ఉన్నాయి. ఎన్‌క్రిప్షన్ లేదు. ప్రజలకు ఆ సంగతి తెలిసింది మర్నాడు కాదు, 2014 జనవరిలో.

చాలామంది పొరబడేది ఇక్కడే. ల్యాప్‌టాప్ తెరవగానే అడిగే పాస్‌వర్డ్ ఉంది కదా అనుకుంటారు. కానీ డిస్కును ఊడదీసి మరో కంప్యూటర్‌కు తగిలిస్తే, ఎన్‌క్రిప్ట్ చేయని ఫైళ్లన్నీ కళ్లముందే ఉంటాయి. విండోస్‌లో బిట్‌లాకర్, మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్ ఉన్నది ఇందుకే. పీడీఎఫ్‌లలోనూ ఇలాంటి తిరకాసుంది. తెరవడానికే పాస్‌వర్డ్ అడిగితే ఫైలు నిజంగా ఎన్‌క్రిప్ట్ అయినట్టు. ప్రింటు తీయొద్దు, కాపీ చేయొద్దు అని మాత్రమే ఆపే పాస్‌వర్డ్‌ను పక్కకు నెట్టే సాఫ్ట్‌వేర్లు బోలెడు. ఎక్సెల్‌లో షీటును ప్రొటెక్ట్ చేయడమూ అంతే, అది రహస్యాన్ని దాచదు.

విదేశాలకు వెళ్లే తెలుగువారి ఫోన్లో ఆధార్, పాన్, పాస్‌పోర్టు, డిగ్రీ పట్టాలు అన్నీ పీడీఎఫ్‌లే. ఈ-ఆధార్ పాస్‌వర్డ్ అందరికీ తెలిసిందే: పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. పేరు తెలిసినవాడు వంద సంవత్సరాలు వరసగా కొట్టి చూస్తే చాలు. పుట్టిన తేదీయే పాస్‌వర్డ్ అయిన ఈ-పాన్‌కు నూరేళ్లలో తేదీలు ముప్ఫయ్యారు వేల పైచిలుకు మాత్రమే. మనిషికి అది చాలా ఎక్కువ, కంప్యూటర్‌కు చిటికెలో పని. లోపల ఎంత గట్టి ఏఈఎస్ ఉన్నా పాస్‌వర్డ్ ఇంత సులువైతే దాని బలం వృథా. ఇల్లు అద్దెకిచ్చేవారికో, వీసా ఏజెంటుకో ఆ ఫైలు పంపి, కిందనే పాస్‌వర్డ్ కూడా రాసి పంపేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

ఉచితంగా దొరికే 7-జిప్‌లో ఆ కాగితాలన్నీ ఒక్క ఫైలుగా చేసి ఏఈఎస్-256తో బిగించవచ్చు. ఫైళ్ల పేర్లను కూడా దాచే ఆప్షన్‌ను టిక్ చేయాలి, లేకపోతే 'పాస్‌పోర్టు' అన్న పేరు బయటికి కనిపిస్తూనే ఉంటుంది. పాస్‌వర్డ్‌గా సంబంధం లేని నాలుగైదు మాటలు కలిపి పెట్టుకుంటే గుర్తూ ఉంటుంది, బలమూ ఉంటుంది. ఫైలు మెయిల్లో వెళితే పాస్‌వర్డ్‌ను ఫోన్ చేసి చెప్పాలి.

ఇక బ్యాకప్. ర్యాన్సమ్‌వేర్ కంప్యూటర్‌కు తగిలించి ఉన్న డ్రైవ్‌లనూ వదలదు కాబట్టి, కాపీ చేశాక విడదీసి పక్కన పెట్టిన డ్రైవ్ ఒకటి ఇంట్లో ఉండాలి. బ్యాంకు లాగిన్ మరిచిపోతే మళ్లీ ఇస్తారు గానీ, ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైలుకు ఆ దారి లేదు. అందుకే బిట్‌లాకర్ ఇచ్చే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద ప్రింటు తీసి, ఆ ల్యాప్‌టాప్ ఉన్న సంచిలో కాకుండా ఇంటి బీరువాలో పెట్టి, అది అక్కడుందని ఇంట్లో ఒకరికి చెప్పి ఉంచాలి.